వాలుగా గడ్డకట్టిన చుక్క

మోంటెవీడియోలో ఈ కాపలావాడి చెవిని మించిన చెవి లేదు. ప్రయోగశాల అద్దాల తలుపు అవతల డాక్టరమ్మ, ఆమె సహాయకుడు మాట్లాడుకున్నది పొల్లుపోకుండా చెబుతున్నాను. అనుమానంతోనే ఆమె ఫ్రీజర్‌లోంచి తీసిన ఒక చిన్న గొట్టాన్ని వెలుగుకు పట్టింది.

“నరాల కణాలకు వేసే ప్రోటీన్ ఇది. కరిగాక మళ్లీ గడ్డకట్టిస్తే పాడవుతుందని తెలుసుగా?”

“తెలుసు డాక్టరమ్మా. అందుకేగా చిన్న గొట్టాల్లో పంచి పెట్టెలో దాచాను.”

“నిలబెట్టే దాచావా?”

“నిలబెట్టే, ఒట్టు!”

“మరి మంచు ఇలా వాలుగా ఉందేం?”

“ఫ్రీజరే ఒరిగిందేమో...”

“నీ మొహం! కరిగి, పక్కకు పడి, మళ్లీ గడ్డకట్టింది. అక్కడ నా కణాలు చస్తున్నాయి. నిజం చెప్పు.”

“మాతే టీ పీలుస్తూ బల్లమీద మరిచిపోయాను. తిడతారని గబగబా లోపల పడేశాను.”

“ఇదొక్కటేనా?”

“పెట్టె మొత్తం.”

ఈ చివరి మాట నేను కల్పించిందే. అతను నోట్లో ఏదో గొణిగాడు, నా గొప్ప చెవికి అందలేదు. ఆమెకూ అందలేదు కాబోలు, పెట్టెలోని గొట్టాలన్నీ ఒక్కొక్కటిగా వెలుగుకు పట్టడం మొదలుపెట్టింది.