బూరెలు వడ్డించకముందు

నందిగామ నుంచి జగ్గయ్యపేట వెళ్లే బస్సులో, పిన్ని పున్నమ్మ పక్కన కూర్చున్న లహరి జన్యుపరీక్ష రిపోర్టు మడిచింది. అమ్మను తీసుకుపోయిన రొమ్ము క్యాన్సర్ తనకూ వస్తుందేమోనని చేయించుకున్న పరీక్ష అది.

“ఏమందే డాక్టరమ్మ?”

“జన్యువులో ఏదో మార్పుందట పిన్నీ. మంచిదో చెడ్డదో ఇప్పుడే చెప్పలేరట.”

“అదేం చదువే!”

“తెల్లవాళ్లను లక్షలమందిని పరీక్షించారట. మనవాళ్లను చూసింది తక్కువ. అమ్మ తరఫువాళ్ల రక్తం కూడా చూస్తే కొంత తేలుతుందట.”

“ఎల్లుండి మనింటి పెళ్లికి అందరూ వస్తున్నారుగా! సూదులు పట్టుకుని రమ్మను.”

“పెళ్లిలో ఎవరిస్తారు పిన్నీ?”

“భోజనాల బంతిలో, బూరెలు వడ్డించకముందు అడగమను. బూరెలు వదిలి ఒక్కడు లేచి పారిపోతే ఒట్టు!”

లహరికి నవ్వాగలేదు. “మరి నువ్వో? సూది చూస్తేనే కళ్లు మూసుకుంటావుగా!”

“మూసుకునే ఇస్తా. మీ అమ్మ పోవడం కళ్లు తెరుచుకుని చూశానే, అంతకంటే నొప్పా ఇది?”