క్షమాపణల గుట్ట

కాలినడకన బయలుదేరిన తొమ్మిదో రోజు యాత్రికులు క్షమాపణల గుట్ట కింద ఆగారు. ఆ గుట్ట మీద అందరూ ఒకరినొకరు క్షమాపణ అడిగాకే చెన్‌స్తొహోవా ఊరి చర్చిలో మాత దర్శనానికి దిగుతారు. గడ్డిలో ఒకామె ఇంకొకామె మడమ మీద లేచిన బొబ్బలోకి, నీరు కారిపోయేలా, సూదీదారం గుచ్చుతోంది.

"కదలకండి, సోదరీ."

"యాత్రలో అందరినీ సోదరీ అనే పిలవాలి, సరే. సొంత అక్కని, నన్ను కూడానా?"

"నియమం అందరికీ ఒకటే."

"ఎన్నాళ్ళే ఈ కోపం?"

"అమ్మ పోయిందని పక్కింటి బోజెనా చెబితే తెలిసింది నాకు. అదీ పూడ్చిన మూడో రోజున."

"నువ్వొస్తే గొడవ పడతావని..."

"పడేదాన్నే. అమ్మ మొహం చూసి మరీ పడేదాన్ని."

"పైకెళ్ళాక క్షమాపణ అడుగుతాలే."

"అక్కడ ముక్కూమొహం తెలియనివాళ్ళని కూడా అడుగుతారు. ఆ గుంపులో నాకొద్దు."

"అయితే ఇక్కడే అడుగుతున్నాను. నిన్ను కావాలనే పిలవలేదు. అమ్మని ఆఖరిచూపు చూడనివ్వలేదు. తప్పు నాదే, క్షమించు."

"దారం కత్తిరించాలి, కదలకు."

"ఏదో ఒకటి అనవే."

"కాలు నేల మీద ఆనించు. నొప్పి ఉందా?"

"ఉంది."

"ఉంటుంది. ఇవాళ్టికి తగ్గదు. లే అక్కా, ముందు మన గుంపు జెండా కదిలింది."