రెండు సెకండ్ల బ్రేకు

2006 ఎండాకాలం. ఇస్నాపూర్‌లో సుమిత్ర నడిపే కంప్యూటర్ రిపేరు షాపు. కంపెనీ బస్సు డ్రైవరు యాదన్న తన పాత లాప్‌టాప్‌ను ఆమె ముందు తెరిచి పెట్టాడు.

“యాడ ఆగిపోతుందో చూపియ్యి యాదన్నా.”

“ఆగుతలేదు చెల్లె. అదే నా బాధ. లారీ ఆగుతలేదు.”

“లారీ ఏంది? గేమా?”

“గేమే. లారీ నడిపే గేము. గిదిగో, ఎర్రలైటు పడ్డది. బ్రేకు ఒత్తిన. ఒకటి... రెండు... గిప్పుడు పడ్డది. గప్పటికే ముంగటి కారును గుద్దినం.”

“ఇంట్ల ఎవరాడుతరు?”

“అన్నపూర్ణ.”

“వదిననా? లారీ గేమా?”

“అప్పుడప్పుడు.”

“దీంట్ల ‘యాదన్న డ్రైవర్’ అని పేరుంది. మూడు వందల పన్నెండు సార్లు ఆడిండ్రు.”

“నా పేరు మీద ఆడుతది.”

“యాదన్నా.”

“నేనే తియ్యి. పొద్దంత బస్సు నడిపి, ఇంటికొచ్చి మల్ల లారీ నడుపుతవా అని తిడుతది. నేనొచ్చిన ముచ్చట ఆమెకు చెప్పకు.”

“చెప్ప. గీ లాప్‌టాప్ యాడిది?”

“మా కంపెనీల స్టోర్స్ సారు బరోడా పోతూ ఇచ్చిండు. ‘గింత బరువు మోసుడు నాతోటి కాదు, నువ్వే ఉంచుకో’ అన్నడు.”

“మెమొరీ రెండు వందల యాభై ఆరే ఉంది.”

“తక్కువనా?”

“నీ గేముకు ఐదు వందల పన్నెండు గావాలె.”

“సికింద్రాబాద్‌ల అడిగిన. గీ మోడల్‌కు దొరుకుతలేదంట.”

“అయితె ఉన్నదాంట్లనే సదురుకోవాలె. మెమొరీ అంటె సీట్లనుకో. ముప్పై సీట్ల బండిల అరవై మందిని ఎక్కిచ్చినవ్.”

“గట్ల చెప్పు! ఓవర్‌లోడు. మల్ల ఎవల్ని దించుదాం?”

“రెండు యాంటీవైరస్‌లు ఎందుకున్నయ్?”

“ఒకటి పండుకుంటె ఇంకోటి సూస్తదని.”

“రెండూ ఒకదాన్నొకటి దొంగ అనుకొని కొట్లాడుకుంటున్నయ్. ఒకటి తీసేస్తున్న. గీ చిలుక ఏంది?”

“గంటకోసారి టైం చెప్తది.”

“చేతికి గడియారం ఉంది గద?”

“గడియారం ‘గుడ్ మార్నింగ్’ అనది గదా.”

“ఉండాలెనా మల్ల?”

“దించెయ్యి. జెర మెల్లగ దించు, పాపం.”

“తెర మీద చేపలు?”

“చేపలు గూడనా?”

“లారీ ఆగాలెనా, చేపలు ఈదాలెనా?”

“దించు, దించు.”

“గేముల చెట్ల నీడలు బంజేస్తున్న. బొమ్మ సైజు తగ్గిస్తున్న. వాన గూడ వద్దు.”

“వాన లేకుంటె వైపర్లెందుకు?”

“వైపర్లు గూడ తీసేస్త.”

“నువ్వు మా మేనేజర్ లెక్కనే ఉన్నవ్ చెల్లె. అన్నీ తీసేసి బండి నడుపు అంటవ్.”

“మీ మేనేజర్ ఏం తీసేసిండు?”

“ఏం లేదు. నువ్వు కానియ్యి.”

“అయింది. బంజేసి మల్ల మొదలువెట్టిన. నడుపు.”

“ఓయబ్బో! ఉరుకుతున్నది! స్టీరింగు సూడు, వెన్న లెక్క తిరుగుతుంది!”

“ఎర్రలైటు వస్తుంది.”

“ఆఁ, బ్రేకు... అరె!”

“ఏమైంది?”

“పడ్డది.”

“పడాలె గద.”

“ఎంటనే పడ్డది! లైటు గాడుంటె గీడ్నే ఆగిన, నడిరోడ్డు మీద. ఎన్కనుంచి ట్యాంకరొచ్చి గుద్దింది.”

“నువ్వు ముందుగాల ఎందుకొత్తినవ్? లైటు దగ్గరికి పోయినంక ఒత్తు.”

“దగ్గరికి పోయినంకనా? గుండె ఒప్పుకుంటలేదు చెల్లె.”

“ఇంకోసారి నడుపు.”

“నడుపుతున్న... నడుపుతున్న... మల్ల గుద్దింది.”

“నీ వేలు తొందరపడుతుంది. రెండు దినాలాడితె అలవాటైతది.”

“గదే నా భయం.”

“ఏంది?”

“ఏం లేదు. చెల్లె, ఒక్క మాట. చిలుకను మల్ల ఎక్కియ్యి.”

“ఎందుకు?”

“చేపల్ని గూడ. రెండో యాంటీవైరస్‌ను గూడ. వాన, వైపర్లు, నీడలు, అన్నీ. ఎట్లుండెనో గట్లనే చెయ్యి.”

“గంట సేపు కూసొని బాగు చేస్తి గద! బ్రేకు పడుతలేదని నువ్వే వస్తివి!”

“వచ్చిన. ఒక్క జాగలనన్న మంచి బ్రేకు ఉండాలెనని ఆశపడ్డ. గిప్పుడు సూస్తె, నా వేలు దీనికి అలవాటు పడ్డదంటె కాలు గూడ పడుతది.”

“కాలా? గేముకు కాలుతోటి పనేంది?”

“గేముకు కాదు.”

“మల్ల దేనికి?”

“బ్రేకు లేటుగ పడుతుందని నెల దినాల సంది సార్లకు చెప్తున్న. ‘నిమ్మళంగ నడుపు యాదన్నా, సామాను రానీ’ అంటున్నరు. నిమ్మళంగనే నడుపుతున్న. రెండు సెకండ్లు ముందుగాల తొక్కుడు నా కాలుకు మంచిగ పట్టువడ్డది. గీ దినం దాంక ఒక్కలకు దెబ్బ తాకలె.”

“ఆగు, ఆగు. ఏ బండి సంగతి చెప్తున్నవ్ నువ్వు?”

“మా కంపెనీకి ఉన్నదే ఒక్క బస్సు గద, పొద్దుగాల ఆరింటికి చిట్కుల్ నుంచి. నువ్వేం రంధి పెట్టుకోకు చెల్లె, మీ ఆయన మొగులయ్యకు గిదంత తెల్వనే తెల్వది. నా ఎన్క సీట్ల కూసొని, ఎక్కిన కాడికెల్లి దిగేదాంక మంచిగ నిద్రపోతడు.”