మెట్ల మీద ఇరుక్కున్న కరెంటు సైకిల్

మిల్లు సైరన్‌కి ఇంకా పావుగంటే ఉంది. తమ్ముడు తన కరెంటు సైకిల్‌ని మూడో అంతస్తు నుంచి మోసుకొస్తూ, మెట్ల మలుపులో ఇరుక్కుపోయాడు. వెనకే వచ్చిన అక్కకి ఒళ్ళు మండింది.

"వేలితో ఎత్తొచ్చని కోతలు కోశావు కదరా!"

"కొన్నప్పుడు తేలికేనే అక్కా. తాళం, గొలుసు తగిలించాక బరువెక్కింది."

"అంత లావు గొలుసెందుకు?"

"మిల్లు గేటు దగ్గర బ్యాటరీ ఎత్తుకుపోతారని."

"మరి ఈ రెండో బ్యాటరీ?"

"గొలుసు బరువుకి బండి లాగట్లేదు."

"ఇవాళ కూడా ఆలస్యమైతే పనిలోంచి పీకేస్తారు. నడిచిపోతే ఎంతసేపు?"

"పది నిమిషాలు."

"అయితే దీన్ని ఇక్కడే పడేసి నడువు!"

"నడిచొస్తే మిల్లంతా నవ్వుతుంది."

"నాకిప్పుడే నవ్వొస్తోంది, దానికేమంటావు?"

"నువ్వొక్కదానివేగా. ముందు చక్రం పట్టు."