నవ్వని ఇల్లాలు

బొజ్జరూపంతో మురిపించి విఘ్నాలు బాపే గణనాథునికి మ్రొక్కి ఈ కథ చెబుతున్నాను.

నలభై ఏళ్లుగా ఒక హాస్యనటుడు ప్రతి కొత్త వేషాన్నీ ముందుగా భార్యకే చూపేవాడు. ఆమె నవ్వకపోతేనే జనం నవ్వుతారని అతని నమ్మకం. సాయంత్రం కొత్త నాటకం ఉందనగా, ఆ ఉదయం ఆమె పకపకా నవ్వేసింది.

“కొంప ముంచావే!”

“ఏం చేయనండీ, ఆగలేదు.”

“నా మొదటి వేషానికి మూతి ముడుచుకుని కూర్చున్నావు. హాలు దద్దరిల్లింది!”

“ఆ రోజు మీమీద అలిగానండీ. అదే శకునమని మీరు మురిసిపోయారు. అప్పట్నుంచీ వంటింట్లోకి పరిగెత్తి నవ్వుకుంటున్నాను.”

“ప్రతిసారీనా? మరి ఇవాళ?”

“మోకాళ్ల నొప్పులు. లేవలేకపోయాను.”

“అయితే ఇకనుంచి వేషం వంటింట్లోనే చూపిస్తా. హాయిగా కూర్చునే నవ్వు!”

ఈ కథ విన్నవారి ఇంట ఏ నవ్వూ దాగకుండుగాక!