ఆకుపచ్చ చుక్క

ఎన్నిసార్లు అడుగుతావు కామరాజూ? తుడిచెయ్యమన్నాను కదా! ఆఫీసు అకౌంటూ, లోపలున్నదీ, అంతా. ఈ లాప్‌టాప్ ఇంట్లో మామూలుగా వాడుకునేట్టు చేసివ్వు, చాలు. అంకుల్ కరెంటు బిల్లు కట్టుకుంటారు, భజనలు పెట్టుకుంటారు. మాకింకేం పని?

ఫొటోలా? మొన్ననే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించిచ్చావుగా. రాంగోపాల్‌పేట్‌లో నీ షాపు దాకా ఆటోలో పడి వచ్చింది మళ్ళీ అదే వినడానికా?

ఏంటలా చూస్తావు? జ్వరమని ఆస్పత్రిలో చేరిన పిల్ల పోయి రెండు నెలలు కాలేదు, ఈవిడ గుండె రాయా అనుకుంటున్నావు. అనుకో.

నీకేం తెలుసు దీని సంగతి! దినం నాడు మా అనుపమ మేనేజరు వచ్చాడు. పాతదే కదండీ, మీరే ఉంచుకోండి, ఆఫీసు అకౌంటు మేం మూసేస్తాం అన్నాడు. ఎవరు మూశారు? వాళ్ళ పనుల్లో వాళ్ళు మరిచిపోయారు.

రోజూ తొమ్మిదింటికి తెరిచేదాన్ని. అది తెరిచే వేళకే. పాస్‌వర్డు నాకొచ్చు. చేతికి చట్నీ ఉంటే, అమ్మా, నువ్వు కొట్టవే అనేది. తెరవగానే ఆఫీసు చాట్‌లో దాని పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలిగేది. మనిషి సీట్లో ఉన్నట్టు గుర్తట. దాన్నే చూస్తూ కూచునేదాన్ని. కూరలకి మోండా మార్కెట్‌కి పోవడం కూడా మానేశా. చుక్క పసుప్పచ్చగా తిరగబోతే వేలితో కదిపేదాన్ని.

ఇందులో తప్పేముంది, చెప్పు?

ఆ చుక్క చూసే శ్రీలేఖ పలకరించింది. మా పిల్లతో పనిచేసేది. పురిటికి కాకినాడ వెళ్ళింది. కడుపుతో ఉన్నదానికి చావు కబురు ఎవరు చెబుతారు? తరవాతేమో బాలింత. ఇంట్లోవాళ్ళూ దాచారు, ఆఫీసువాళ్ళూ దాచారు. పాపం ఫోన్లోంచి అడుగుతోంది, "అక్కా, ఉన్నావా? నాకు పాప పుట్టింది!"

పచ్చి బాలింతకి నేను చెప్పనా?

ఉన్నా, అని కొట్టాను.

ఒక్క మాటతో ఆగుతుందా? ఫోనెందుకు ఎత్తవంది. పాడైందన్నా. వీడియోలోకి రమ్మంది. నెట్ సరిగా లేదన్నా. పాలు చాలట్లేదక్కా అంటే వెల్లుల్లి కారం తినమన్నా. "అచ్చం మీ అమ్మలా మాట్లాడుతున్నావే!" అని నవ్వింది. టక్కున మూసేశాను. అయినా మర్నాడు మళ్ళీ తెరిచాను.

పోయినవారం అడిగింది, "పాపకి నీ పేరు పెట్టుకుంటానక్కా, ఏమంటావు?"

అర్ధాయుష్షుతో పోయిన పిల్ల పేరు. తెలిస్తే ఏ తల్లైనా పెట్టుకుంటుందా? వద్దు అనాలి. ఆ రెండక్షరాలకి ఎంతసేపు?

ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరు ఆ పేరు పెట్టి కేకేస్తారు కదా... ఓ పిల్ల పలుకుతుంది కదా...

పెట్టు, అని కొట్టాను.

నిన్న బారసాల. ఫొటో పంపింది. పళ్ళెంలో బియ్యం, బియ్యంలో ఉంగరంతో రాసిన పేరు.

ఇవాళ కాకపోతే రేపు ఎవరో ఒకరు చెప్పేస్తారు ఆ పిల్లకి. అప్పుడడుగుతుంది, మరి ఇన్నాళ్ళూ నాతో మాట్లాడిందెవరు అని. ఆ మాట నా కంటబడకూడదు నాయనా. పడితే జవాబు కొట్టేస్తాను. నా చేతులు నాకు తెలుసు.

నొక్కు.

ఏం, కొత్త పేరు అడుగుతోందా? నాది పెట్టు, కుసుమకుమారి అని. అనుపమ అని మాత్రం రాయకు. ఆ పేరు ఎవరి పిల్లకో ఇచ్చేశాను.