‘కొట్టేసిండ్రు’ అనడం మానుకున్న గోపాలకృష్ణ గారు

1991 ఆగస్టు పన్నెండవ తేదీన, టైపు మిషన్ల చప్పుడులో పక్కవారి మాట కూడా వినిపించని మన సివిల్ న్యాయస్థాన కార్యాలయంలో, శ్రీ గోపాలకృష్ణ గారు టైపిస్టుగా ఉద్యోగంలో చేరారు. పాతబస్తీలో తరతరాలుగా దేవాలయ సేవలో ఉన్న కుటుంబం వారిది. ఆదివారం మధ్యాహ్నం కునుకులో కూడా వాయిదా తేదీలు చెబుతుంటారని వారి ధర్మపత్ని అహల్య గారు నేటికీ ఆటపట్టిస్తుంటారు.

నకళ్ల విభాగంలో, దాఖలు విభాగంలో సుదీర్ఘకాలం సేవలందించిన పిదప, 2009లో వారు బెంచి క్లర్కుగా న్యాయమూర్తి గారి వేదిక దిగువన ఆసీనులయ్యారు. ఆసీనులయ్యారని మర్యాదకు అంటున్నాం గానీ, అది నడుము విరిచే కుర్చీ. దావా వేసిన వాది, జవాబిచ్చే ప్రతివాది, సాక్ష్యం, వాదనలు, తీర్పు అంటూ పుస్తకంలో వరుసగా కనిపించే మెట్లన్నీ ఆ కుర్చీలోంచి చూస్తే ఒక్కటే మాట: వాయిదా. సాక్షి రాకపోతే వాయిదా, సమను అందకపోతే వాయిదా. ఎదుటివారి ముఖం వాడిపోతుంటే చూస్తూ ఆ మాట పలికి పలికి వారు నిజంగానే అలసిపోయారు.

చాంద్రాయణగుట్టలో పాలవ్యాపారం చేసుకునే సత్తెమ్మ గారి దావా వారి హయాంలోనిదే. బర్రెల కొట్టం తనదంటూ గోడ కూల్చవచ్చిన మరిదిని ఆపమని ఆమె న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. తాత్కాలిక నిషేధాజ్ఞ ఒక్కటే ఆ గోడను కాపాడుతుండేది. ఒకనాడు బర్రె ఈనడంతో ఆమెకు ఆలస్యమైంది, వకీలు పక్క హాలులో చిక్కుకున్నారు. మూడుసార్లు పిలిచినా పలికేవారు లేక దావా కొట్టివేతకు గురైంది, దాంతో ఆ నిషేధాజ్ఞ కూడా పోయింది. ఆయాసపడుతూ వచ్చిన ఆమెతో, మరో కేసు పిలిపించే హడావుడిలో ఉన్న గోపాలకృష్ణ గారు తలెత్తకుండానే, “నీ కేసు కొట్టేసిండ్రమ్మా” అన్నారు.

ఆమె నేరుగా ఠాణాకు వెళ్లి, తన కేసును ఎవరో దొంగిలించారని ఫిర్యాదు చేయబోయారు. అక్కడివారు నవ్వి పంపేస్తే సాయంత్రానికి తిరిగివచ్చి నిలదీశారు.

“ఎవడు కొట్టేసిండో నీకు ఎర్కే కద సారూ. మా మరిదేనా? ఇంతమంది ఉండంగ కాయితాలు ఎట్ల కొట్టేస్తరు?”

కార్యాలయమంతా నవ్వింది. గోపాలకృష్ణ గారికి మాత్రం నవ్వు రాలేదు. కుర్చీ వదిలి వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు.

“ఎవ్వరు దొంగతనం చెయ్యలేదమ్మా. పిలిచినప్పుడు నువ్వు లేవు, నీ వకీలు లేడు, అందుకే పక్కకు పెట్టిండ్రు. కొట్టం నీది కాదని జడ్జిగారు అనలే. నెల లోపట కారణం రాసి దరఖాస్తు పెడితే మళ్ల తెరుస్తరు. ఇయ్యాల్నే వకీలు సాబ్‌ను పట్టుకో. అప్పటిదాంక ఆ గోడకు దిక్కు లేదు.”

“గీ ముచ్చట పొద్దుగాల్నే చెప్తే నేను ఠాణాకు పోదునా?”

దావా పునరుద్ధరణ పొందింది, గోడ నిలిచింది. ఎంత రద్దీలోనైనా ‘కొట్టేసిండ్రు’ అన్న మాట మాత్రం వారి నోట మళ్లీ రాలేదు.

గత శుక్రవారం వారి చివరి పనిదినం. సత్తెమ్మ గారి దావాలో తీర్పు కూడా ఆనాడే. ఈ ఒక్క తీర్పైనా తానుండగా వెలువడాలని వారెంతగా ఆశపడ్డారంటే, న్యాయమూర్తి గారు వేదికపైకి వచ్చేదాకా మంచినీళ్లు కూడా ముట్టలేదు. తీర్పు వచ్చింది. మరిదిపై శాశ్వత నిషేధాజ్ఞ మంజూరైంది.

“అయిపోయినట్టేనా సారూ?” అని వరండాలో సత్తెమ్మ గారు అడిగారు.

అవునంటే ఆమె సంతోషంగా ఇంటికి వెళ్లేవారు. వారు అలా అనలేకపోయారు.

“ఇక్కడికైతే అయిపోయిందమ్మా. అవతలోళ్లు పైకోర్టుకు అప్పీలు పోవచ్చు. పోతే మళ్ల వాయిదాలే.”

“అప్పుడు నువ్వుంటవా?”

“ఉండనమ్మా. ఇయ్యాల్టితోని నా కొలువు అయిపోయింది.”

ఆమె కొంగు సర్దుకున్నారు. “అయితే ఆ పైనోని కోర్టుల నీ పేరు పిలిచినప్పుడల్లా వాయిదా పడాలె సారూ. ఎన్ని పడ్డా సరే.”

ఉద్యోగమంతా అలసటనే మిగిల్చిన ‘వాయిదా’ అన్న ఆ మాటకు గోపాలకృష్ణ గారు మొట్టమొదటిసారి నవ్వారు. వారికి, అహల్య గారికి సంపూర్ణ ఆరోగ్యం, నిండు నూరేళ్ల ఆయుష్షు కలగాలని ఆకాంక్షిస్తూ, సత్తెమ్మ గారి దరఖాస్తు మీదే మన కార్యాలయ సిబ్బంది యావన్మందిమీ సంతకం చేస్తున్నాం.